పసివాని ఒడుగు: తల్లిదండ్రులు తెలిసికొనవలసినది

తెలుగు మాటలలో ‘ఒడుగు’ అనే మాట కొంచెం విచిత్రమైనది. బ్రాహ్మణ గృహంలో ఈ మాట వినబడితే జందెం, మౌంజి, మాతృభిక్ష, గాయత్రీ ఉపదేశం మనస్సుకు వస్తాయి. గుంటూరు, ప్రకాశం సీమల పల్లెలలో ముస్లిముల ఇంట అదే మాట వినబడితే మెడలో పూలదండ వేసికొన్న చిన్నవాడు, నడుముకు కొత్త లుంగీ, బంధువుల రాకపోకలు, విందు మనస్సుకు వస్తాయి. అరబ్బీలో ఖితాన్ అని, ఉర్దూలో ఖత్నా అని, సాధారణ వాడుకలో సున్తీ అని పిలిచే ఆచారానికి తెలుగు ముస్లిములు పెట్టుకున్న ఇంటిపేరు ఒడుగు. పసివానిని చెయ్యిపట్టుకొని పెద్దలు తమ సంప్రదాయంలోనికి తీసికొనివచ్చే సందర్భాలకు, మతాలు వేరైనా, తెలుగువాడు ఒకే మాట వాడుకొన్నాడన్నమాట.

అయితే ఈ రెండు ఒడుగులకూ ఒక భేదం ఉన్నది. జందెం పాతబడితే మార్చుకోవచ్చును. ఇష్టం లేనివాడు పెద్దయిన తరువాత తీసివేయనూవచ్చును. శరీరం నుండి ఒకసారి కోసివేసిన చర్మాన్ని మాత్రం తిరిగి తెచ్చిపెట్టలేము. పైగా ఈ కార్యం పుట్టిన కొద్దిదినాలకే జరిగినప్పుడు, దాని ఫలితాన్ని జన్మాంతం అనుభవించవలసినవానికి నోట మాటైనా రాదు. వాని పక్షాన ఆలోచించవలసిన భారం అంతా తల్లిదండ్రులదే. ఆ ఆలోచనకు తగిన సమాచారం మాత్రం సాధారణంగా వారికి అందదు. ఒకవైపు ‘ఇది మన ఆచారం, ఇందులో అడిగేదేమున్నది?’ అనే పెద్దలు, మరొకవైపు ‘ఇదంతా అనాగరికం’ అనే విమర్శకులు. ఈ ఇద్దరి మధ్య బిడ్డ క్షేమాన్ని గూర్చిన మాట మరుగున పడిపోతున్నది. ఆ మాటను ముందుకు తేవడమే ఈ వ్యాస ప్రయోజనం.

మన సీమలో ఈ ఆచారం

నల్లరేగడి నేలలో పత్తి పండే మన సీమకూ ఈ ఆచారానికీ ఒక సంబంధం కలదు. పత్తిలోని గింజ తీసి, వింటినారితో దూదిని ఏకి, పరుపులకూ దారానికీ సిద్ధం చేసే పని తరతరాలుగా దూదేకులవారిది. నూర్‌బాషీలని కూడ పిలువబడే ఈ తెలుగు ముస్లిములు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో విస్తారంగా ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. పెట్టుకొనే పేర్లలో నాగులూ మీరా రెండూ కలిసి వస్తాయి. వీరబ్రహ్మేంద్రస్వామివారి ప్రియశిష్యుడు సిద్ధయ్య ఈ కులంలో జన్మించినవాడని ప్రతీతి. జిన్నింగు మిల్లులు వచ్చి వింటినారి మూలబడినా, ఇంటి ఆచారాలు నిలిచివున్నవి. వాటిలో ఒడుగు ఒకటి.

పాత రోజులలో ఈ కార్యం కుర్రవానికి నాలుగైదేండ్లు మొదలు పదేండ్ల లోపున జరిగేది. పంట చేతికి వచ్చి, డబ్బు చేతిలో ఆడే కాలమే ముహూర్తం. పని చేసేవాడు హజాం, సాధనం మంగలికత్తి. మత్తుమందు లేదు. కుర్రవాని దృష్టి మరల్చడానికి ‘అదిగో పిట్ట!’ అని ఆకాశం చూపించడమే ఉపాయం. నేడు పట్టణాలలో ఎక్కువమంది ఆసుపత్రులకే తీసికొనిపోతున్నారు. పుట్టిన మొదటి వారాలలోనే పని ముగించుకొనే కుటుంబాలూ ఉన్నవి. అయినా పాతపద్ధతి పూర్తిగా పోలేదు.

క్రైస్తవులకు ఈ మాట మరొక త్రోవన పరిచితం. గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు వచ్చారు. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో, 1878 జూలై 3వ తేదీన ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆనాటినుండి తెలుగు బైబిలులోని ‘సున్నతి’ అనే మాట మన పల్లెలలోని ప్రార్థనామందిరాలలో వినబడుతూనే వున్నది. ఏసుక్రీస్తుకు ఎనిమిదవ దినాన సున్నతి జరిగినట్లు లూకా సువార్త చెబుతున్నది. కాని అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులకు ఇది అవసరం లేదని యెరూషలేములో సమావేశమైన అపొస్తలులు నిర్ణయించిన సంగతి అపొస్తలుల కార్యములలో పదునైదవ అధ్యాయంలో ఉన్నది. కనుకనే మన క్రైస్తవులు ఆ మాట ఎరిగినవారేగాని ఆ ఆచారం పాటించేవారు కారు.

ఇక్కడే మరొక విశేషం. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే చిన్న సమాజం యూదుధర్మాన్ని అవలంబిస్తున్నది. తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని వారి విశ్వాసం. వారి ప్రార్థనామందిరం 1991 నుండి ఉన్నది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరిని గూర్చి 2013లో ఒక గ్రంథమే ప్రకటించారు. యూదుధర్మంలో మగబిడ్డకు ఎనిమిదవనాటి సున్నతి ప్రధాన నియమం. అబ్రహాము నాటి నిబంధనకు అది గురుతని ఆదికాండం పదునేడవ అధ్యాయం చెబుతున్నది.

హిందూ కుటుంబాలలో ఈ ఆచారం లేదు. అయినా వారికీ ఈ ప్రశ్న ఎదురవుతూనే వున్నది. పసివాడు మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బుతున్నదని తల్లి భయపడి వైద్యుని దగ్గరకు పోవడం ఒక సందర్భం. మరొకటి కొత్తది. తెనాలి నుండో, నరసరావుపేట నుండో వెళ్ళి అమెరికాలో కాపురమున్న దంపతులకు మగబిడ్డ కలిగితే, సున్తీ చేయించుకొంటారా అని అక్కడి ఆసుపత్రివారు అడుగుతారు. ఆ దేశంలో ఆసుపత్రిలో పుట్టిన మగశిశువులలో 1979లో నూటికి 64.5 మందికి, 2010లో 58.3 మందికి ఈ శస్త్రచికిత్స జరిగినట్లు అక్కడి ప్రభుత్వ లెక్కలు చెబుతున్నవి. మతం కోసం కాదు. అక్కడి వైద్యపు అలవాటు అది. బాలింత తల్లి నిద్రమత్తులో సంతకం చేయడమో, మనదేశంలోని అత్తగారికి ఫోను చేసి అడగడమో జరుగుతుంది. అత్తగారికి మాత్రం ఏమి తెలుస్తుంది?

ప్రకృతి చేసిన ఏర్పాటు

తల్లిదండ్రులు మొట్టమొదట తెలిసికొనవలసినది ప్రకృతి ధర్మం. మగశిశువు పుట్టినప్పుడు శిశ్నపు కొనను కప్పివుండే ముందుచర్మం లోపలి భాగానికి అతుక్కొనివుంటుంది. గోటికింద చర్మం గోటికి అతుక్కొనివున్నట్లే అది. దానిని వెనుకకు లాగితే రాదు. రాకపోవడం జబ్బు కాదు. బ్రిటిషు వైద్యుడు డగ్లస్ గైర్డ్నర్ 1949లో ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించి, పుట్టినప్పుడు ఈ చర్మం పూర్తిగా వెనుకకు వచ్చే శిశువులు నూటికి నలుగురు మాత్రమే అని చూపించాడు. సంవత్సరాలు గడిచినకొద్దీ ఆ అతుకు దానంతటదే విడిపోతుంది. డెన్మార్కులో యాకోబ్ ఊస్టర్ అనే వైద్యుడు బడిపిల్లలను ఏండ్ల తరబడి పరీక్షించి 1968లో ప్రకటించిన ఫలితాలు ఇంకా స్పష్టమైనవి. ఆరేడేండ్ల వయస్సులో సగంమందికి పైగా బాలురకు ఈ అతుకు కొంతవరకు మిగిలివుంటుంది. పదహారు, పదిహేడేండ్ల వయస్సుకు నూటికి ముగ్గురికి మాత్రమే మిగులుతుంది.

దీనినిబట్టి ఒక ముఖ్యమైన హెచ్చరిక ఏర్పడుతున్నది. పసిబిడ్డకు ఆముదం రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోసేటప్పుడు కొందరు పెద్దవారు ఆ చర్మాన్ని బలవంతంగా వెనుకకు లాగుతారు. శుభ్రం చేయడమే వారి ఉద్దేశం. కాని దానివల్ల చర్మం చిరిగి, పుండై, మానినప్పుడు మచ్చకట్టి నిజంగానే బిగుసుకొనిపోవచ్చును. వెనుకకు లాగిన చర్మం తిరిగి ముందుకు రాక, కొన వాచి, రక్తప్రసారం ఆగే ప్రమాదమూ కలదు. అప్పుడు గడియ ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవలసినదే. పసిబిడ్డకు పైపైన నీళ్ళతో కడిగితే చాలును. వయస్సు వచ్చి చర్మం దానంతటదే కదిలినప్పుడు పిల్లవానికి శుభ్రత నేర్పవచ్చును.

ఈ విషయం మన ప్రాచీనులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహితలో క్షుద్రరోగాలను చెప్పేచోట నిరుద్ధప్రకశమని ఒక వ్యాధి కలదు. ముందుచర్మం బిగుసుకొని మూత్రం సన్నని ధారగా రావడం దాని లక్షణం. వెనుకకు పోయిన చర్మం ముందుకు రాని స్థితిని పరివర్తిక అన్నారు. నిరుద్ధప్రకశానికి సుశ్రుతుడు చెప్పిన చికిత్సలో నేయి రాసిన గొట్టాన్ని ప్రవేశపెట్టి, మూడుదినాలకొకసారి ఇంకొంచెం లావైనదానిని మార్చుతూ ద్వారాన్ని మెల్లగా విశాలం చేయడం ఉన్నది. నేటి వైద్యులు కూడ నిజంగా బిగుసుకొనిపోయిన చర్మానికి మొదట కొన్ని వారాలపాటు స్టిరాయిడ్ లేపనం రాయించి చూస్తారు. చాలామందికి దానితోనే నయమవుతుంది. మచ్చకట్టి తెల్లబడి గట్టిపడిన చర్మానికి, మాటిమాటికీ చీము పట్టేవారికి మాత్రం సున్తీయే చికిత్స. కనుక ‘చర్మం వెనుకకు రావడంలేదు, కోయించండి’ అని ఎవరైనా రెండేండ్ల పిల్లవానికి చెబితే, మరొక పిల్లల శస్త్రవైద్యుని అభిప్రాయం తీసికొనడం వివేకం.

మేలెంత, కీడెంత?

సున్తీ వల్ల ఆరోగ్యానికి మేలున్నదా అనే ప్రశ్నకు అవును, కాదు అని ఒక్కమాటలో సమాధానం చెప్పలేము. లెక్క చూచుకోవాలి.

సున్తీ కాని మగశిశువులలో మొదటి సంవత్సరంలో సుమారు నూటికి ఒక్కరికి మూత్రకోశపు అంటు సోకుతుంది. సున్తీ అయినవారిలో ఇది వేయింటికి ఒకరిద్దరు. తగ్గుదల పెద్దదే, కాని మొదటినుండీ ప్రమాదం చిన్నది. ఒక్క బిడ్డను ఈ అంటునుండి తప్పించడానికి నూటపదిమందికి పైగా సున్తీ చేయవలసివస్తుందని 2005లో ప్రకటించిన ఒక సమీక్ష తేల్చింది. పుట్టుకతో మూత్రమార్గంలో లోపమున్న బిడ్డలకు మాత్రం ఈ లాభం ఎక్కువ. శిశ్నానికి వచ్చే కాన్సరు కూడ చిన్ననాట సున్తీ అయినవారిలో చాల అరుదు. ఆ కాన్సరుకు బిగుసుకొన్న చర్మం, అపరిశుభ్రత, పొగాకు కూడ కారణాలు కనుక, శుభ్రత పాటించడం, పొగాకు మానడం సున్తీ లేకుండానే దొరికే రక్షణలు.

దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండా దేశాలలో జరిగిన మూడు పెద్ద పరిశోధనల ఫలితాలు 2005 నుండి 2007 లోపున వెలువడినవి. స్త్రీల వలన పురుషులకు ఎయిడ్స్ క్రిమి సోకే ప్రమాదం వయోజనుల సున్తీ వల్ల సుమారు నూటికి అరవై వంతులు తగ్గుతుందని వాటిలో తేలింది. దానిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో, ఆ వ్యాధి అత్యధికంగా ఉన్న తూర్పు, దక్షిణాఫ్రికా దేశాలకు దీనిని సిఫారసు చేసింది. ఆ సిఫారసు మన దేశాన్ని ఉద్దేశించినది కాదు. అది తమ ఇష్టంతో ముందుకు వచ్చిన పెద్దవారి మీద జరిగిన పరిశోధన అనే సంగతి కూడ మరువరాదు.

ఇక కీడు. సున్తీ చిన్న శస్త్రచికిత్సయే అయినా శస్త్రచికిత్సయే. రక్తస్రావం, చీము, చర్మం ఎక్కువగానో తక్కువగానో కోయడం, తరువాత మూత్రద్వారం సన్నబడడం దీనివల్ల కలుగగల చిక్కులు. పలుదేశాల పరిశోధనలను సమీక్షించి 2010లో ప్రకటించిన వ్యాసం ప్రకారం శిక్షణ పొందినవారు శిశువులకు చేస్తే నూటికి ఒకరిద్దరికి చిక్కులు వస్తాయి. వాటిలో తీవ్రమైనవి బహు అరుదు. ఏడాది దాటిన పిల్లలలో ఇది నూటికి ఆరు. శిక్షణ లేని చేతులలో ఇంకా ఎక్కువ. పైన చెప్పిన గైర్డ్నరే, 1940ల నడుమ ఇంగ్లండు, వేల్సులలో ఏటా సగటున పదహారుమంది అయిదేండ్లలోపు పిల్లలు ఈ కార్యం వల్ల మరణిస్తున్నారని లెక్కచూపి, అవసరం లేనిచోట ఎందుకీ నష్టమని అడిగాడు. ఆ తరువాత బ్రిటనులో వైద్యపు అలవాటుగా ఉన్న సున్తీ త్వరితంగా తగ్గిపోయింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో, మేలు కీడుకంటె ఎక్కువేగాని, పుట్టిన ప్రతి బిడ్డకూ చేయించమని చెప్పేటంత కాదని, నిర్ణయం తల్లిదండ్రులకే వదలాలని చెప్పింది. పెద్ద పెద్ద వైద్యసంఘాలే ఏకాభిప్రాయానికి రాలేదంటే, ఆరోగ్యం పేరుతో ఎవరూ ఎవరినీ బలవంతపెట్టడానికి వీలులేదని గ్రహింపవచ్చును.

పసివానికి నొప్పి తెలియదా?

‘పుట్టిన బిడ్డకు నొప్పి ఏమి తెలుస్తుంది?’ అనే మాట పల్లెలో అవ్వల నోటనే కాదు, ఒకప్పుడు గొప్ప ఆసుపత్రుల శస్త్రవైద్యుల నోట కూడ వినబడేది. ఆ నమ్మకాన్ని కూలద్రోసినవారిలో ముఖ్యుడు మన దేశంలో వైద్యవిద్య నేర్చి ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్. ఆయన, హికీ అనే సహచరుడు కలిసి 1987లో ప్రకటించిన వ్యాసం నవజాత శిశువులకు నొప్పి తెలుస్తుందని, దానివల్ల వారి గుండె, శ్వాస, రక్తంలోని రసాయనాలు అన్నీ కలతచెందుతాయని నిరూపించింది. కెనడాలో 1997లో జరిగిన మరొక పరిశోధనలో, మందు లేకుండా సున్తీ అయిన శిశువులు నాలుగారు నెలల తరువాత టీకా సూది వేసినప్పుడు ఇతర శిశువులకంటె ఎక్కువగా ఏడ్చినట్లు కనుగొన్నారు. నోట మాట రాకపోయినా శరీరం ఆ నొప్పిని జ్ఞాపకం పెట్టుకొన్నదన్నమాట.

కనుక నొప్పిని హరించే మందు లేకుండా ఏ బిడ్డకూ ఈ పని చేయరాదు. శిశ్నమూలంలో సూదితో ఇచ్చే మత్తుమందు అన్నిటికంటె నమ్మదగినది. పైన రాసే లేపనం కొంతవరకు పనిచేస్తుంది. నాలుకపై చక్కెరనీటి చుక్కలు వేయడం తోడుగా ఉపకరిస్తుందేగాని, అది ఒక్కటే చాలదు. ‘మందు అవసరం లేదు, క్షణంలో అయిపోతుంది’ అనేవారికి బిడ్డను అప్పగించవద్దు.

ముందుగా అడుగవలసిన ప్రశ్నలు

మత విశ్వాసం చేతనో, మరొక కారణం చేతనో చేయించాలని నిశ్చయించుకొన్న తల్లిదండ్రులు కొన్ని విషయాలు ముందే విచారించుకోవాలి.

మొదటిది, బిడ్డ ఆరోగ్యం. నెలలు నిండక పుట్టినవానికి, బరువు తక్కువైనవానికి, జ్వరంతోనో ముదిరిన కామెర్లతోనో ఉన్నవానికి వాయిదా వేయాలి. ఇస్లాంలో ఇందుకు ఫలానా దినమే అనే కట్టుబాటు లేదు. ఏడవనాడు మంచిదని చెప్పేవారున్నారేగాని, బాల్యంలో ఎప్పుడైనా చేయవచ్చుననే వాడుకే మన సీమలో ఉన్నది. ఎనిమిదవనాడని ఖండితంగా చెప్పిన యూదుధర్మం కూడ బిడ్డ అస్వస్థుడైతే ఆగమంటున్నది.

రెండవది, రక్తం గడ్డకట్టే గుణం. ఇక్కడ మేనమామల చరిత్ర అడగాలి. హీమోఫీలియా అనే వ్యాధి తల్లి ద్వారా కొడుకుకు సంక్రమిస్తుంది. తల్లి అన్నదమ్ములలో గాని, తల్లికి తల్లియైన అమ్మమ్మ అన్నదమ్ములలో గాని చిన్న దెబ్బకు రక్తం ఆగనివారుంటే వైద్యునికి తప్పక చెప్పాలి. సుమారు పదునైదు వందల ఏండ్ల క్రిందటి యూదుల తల్ముదు గ్రంథంలో, సున్నతి వల్ల ఒక తల్లి బిడ్డలు ఇద్దరు చనిపోతే మూడవవానికి చేయరాదని విధించారు. వ్యాధి పేరు తెలియని కాలంలోనే దాని నడక గ్రహించిన వివేకం అది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన సీమలో ఇతరమైన అరుదైన రక్తస్రావ వ్యాధులు కూడ కనబడవచ్చును. బొడ్డు ఊడినప్పుడు రక్తం కారి ఆగకపోతే అది పెద్ద హెచ్చరిక. పుట్టగానే ఇచ్చే విటమిన్ ‘కె’ సూది బిడ్డకు వేశారో లేదో కూడ కనుక్కోవాలి. ఇంటి పురుడైతే అది తప్పిపోయివుండవచ్చును.

మూడవది, అవయవ నిర్మాణం. కొందరు శిశువులకు మూత్రద్వారం కొనమీద కాక కిందివైపున ఉంటుంది. దీనిని సరిచేసే శస్త్రచికిత్సకు ముందుచర్మమే ముడిసరుకు. ఇట్టి బిడ్డకు ముందుగా సున్తీ చేస్తే తరువాతి వైద్యం కష్టమవుతుంది. ‘పుట్టుకతోనే ఒడుగైనవాడు’ అని కొన్ని ఇళ్ళలో సంతోషించే బిడ్డలలో కొందరు నిజానికి ఈ లోపమున్నవారే. వారిని వైద్యునికి చూపించడం అవసరం.

నాలుగవది, చేసే మనిషి, చేసే చోటు. ఎన్ని చేశారు, సాధనాలు ఏవిధంగా క్రిమిరహితం చేస్తారు, రాత్రి రక్తం కారితే ఎవరిని పిలవాలి అని అడగడానికి మొగమాటపడనక్కరలేదు. ఒకే కత్తి పలువురికి వాడితే కామెర్ల క్రిములు, ఎయిడ్స్ క్రిమి ఒకరినుండి ఒకరికి ప్రాకవచ్చును. గుంటూరులో ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులు అందుబాటులో ఉన్న సీమలో మంగలికత్తికి బిడ్డను అప్పగించవలసిన అవసరం లేదు.

తరువాతి సంరక్షణ

పని ముగిసిన మొదటిరోజు అప్పుడప్పుడు గుడ్డ విప్పి చూడాలి. రూపాయికాసంత రక్తపు మరక కనబడితే భయం లేదు. ఆగకుండా చుక్కలుగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి వెంటనే ఆసుపత్రికి పోవాలి. పన్నెండు గంటలలో బిడ్డ మూత్రం పోయకపోయినా చూపించాలి. రెండు మూడు రోజులకు కొనమీద పసుపుపచ్చని పొర కనబడుతుంది. అది చీము కాదు, గాయం మానే గుర్తు, గీకివేయరాదు. జ్వరం, దుర్వాసన, వ్యాపించే ఎరుపు, పాలు త్రాగకపోవడం మాత్రం అపాయ సూచనలు. ప్లాస్టిక్ ఉంగరం వేసినచోట అది అయిదు నుండి పది రోజులలో దానంతటదే ఊడిపోతుంది, లాగవద్దు. మొత్తంమీద గాయం వారం, పదిరోజులలో మానుతుంది.

మన సీమకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాటలు రెండు ఉన్నవి. ఇంట్లో పత్తి సమృద్ధిగా ఉన్నదని గాయంమీద విడి దూది పెట్టవద్దు. దూదిపోగులు గాయానికి అతుక్కొని, తీసేటప్పుడు రక్తం తెప్పిస్తాయి. వాజిలిన్ రాసిన మెత్తని గాజుగుడ్డ మేలు. ఇక మిరపకోతకో, కల్లంలో కాయలు ఏరడానికో పోయివచ్చిన తల్లి, అవ్వ సబ్బుతో రెండు మూడుసార్లు చేతులు కడుగుకొని గాని బిడ్డను తాకవద్దు. మిరప ఘాటు నూనె వంటిది. నీళ్ళతో మాత్రమే పోదు. పెద్దవారి వేళ్ళకు తెలియని మంట పసివాని పచ్చిగాయానికి తెలుస్తుంది. బూడిద, పసుపు, ముక్కుపొడి, కాల్చిన గుడ్డమసి గాయంపై చల్లడం కూడదు. అట్టి పూతలనుండి ధనుర్వాతం రాగలదు. పురిటిబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలించినట్లు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. గర్భిణులకు వేసిన టీకాలవల్ల, శుభ్రమైన పురుళ్ళవల్ల సాధించిన ఆ విజయాన్ని పిడికెడు బూడిదతో పోగొట్టుకొనరాదు.

చట్టమూ ధర్మమూ

మగపిల్లల సున్తీని నిషేధించే చట్టం మన దేశంలో లేదు. దానిని నేరంగా ప్రకటించాలని కోరిన ఒక వ్యాజ్యాన్ని కేరళ హైకోర్టు 2023లో త్రోసిపుచ్చింది. జర్మనీలో 2012లో కొలోన్ న్యాయస్థానం ఒక కేసులో, మతం కోసం చేసే సున్తీ బిడ్డ శరీరానికి చేసే గాయమేనని తీర్పు చెప్పగా పెద్ద వాదోపవాదాలు చెలరేగినవి. అదే సంవత్సరం డిసెంబరులో ఆ దేశపు పార్లమెంటు, తల్లిదండ్రులకు తగిన సమాచారం ఇచ్చి వైద్యనియమాల ప్రకారం చేసే సున్తీ చట్టసమ్మతమని శాసనం చేసింది. ‘బిడ్డ పెద్దవాడై తానే నిర్ణయించుకొనేవరకు ఆగరాదా?’ అనేవారి వాదంలో బలం ఉన్నది. ‘బిడ్డను తన సమాజంలో ఒకనిగా పెంచడం కూడ తల్లిదండ్రుల ధర్మమే, పెద్దయిన తరువాత నొప్పి, చిక్కులు ఎక్కువ’ అనేవారి వాదంలోనూ బలం ఉన్నది. అయితే కొన్ని సమాజాలలో ఆడపిల్లలకు చేసే కోతను దీనితో సమానంగా చూడరాదు. దానివల్ల ఆరోగ్యానికి ఏ మేలూ లేదని, కేవలం హానియేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిష్కర్షగా చెప్పింది.

ఉపాధ్యాయులకు ఒక మాట

వేసవి సెలవులలో ఒడుగు జరిగిన పిల్లవాడు బడికి తిరిగివచ్చినప్పుడు తోటివారు వానిని వేళాకోళం చేయడం మన పాఠశాలలలో క్రొత్త సంగతి కాదు. ఎగతాళితో మొదలైన మాట మతాన్ని నిందించే తిట్టుగా మారడానికి ఎంతోకాలం పట్టదు. ఇట్టిచోట ఉపాధ్యాయుని మౌనం పిల్లలకు అంగీకారంగా తోస్తుంది. వేళాకోళం చేసినవానిని బెత్తంతో కొట్టడం కంటె, ఒడుగు అనే మాటకు రెండు మతాలలోనూ ఉన్న అర్థాన్ని పాఠంగా చెప్పడం మేలు. శరీరధర్మ శాస్త్రం చెప్పేచోట సిగ్గుపడి పుటలు దాటవేయక, శుభ్రతను గూర్చి నాలుగు మాటలు తేటగా చెబితే, బాధ కలిగినా ఇంట్లో చెప్పుకోలేని పిల్లవానికి ధైర్యం వస్తుంది. గాయం పూర్తిగా మానని కుర్రవానిని కొద్దిరోజులు ఆటలనుండి విడిచిపెట్టడం కూడ గురువు చేయగల సహాయమే.

నేటి విద్యార్థులే రేపటి తల్లిదండ్రులు. వారిలో కొందరు తమ విశ్వాసాన్నిబట్టి బిడ్డకు ఒడుగు చేయిస్తారు. కొందరు అవసరం లేదని ఊరకుంటారు. ఈ రెండింటిలో ఏది చేసినా తెలిసి చేయాలి. ఒడుగు చేయించే తండ్రి మంచి వైద్యుని, నొప్పి తెలియని మందును, శుభ్రమైన చోటును వెతికితే వాని ఆచారానికి ఏ లోపమూ రాదు. చేయించని తండ్రి బిడ్డ శరీరాన్ని ప్రకృతికి వదలి, శుభ్రత నేర్పితే వాని బిడ్డకూ ఏ లోపమూ రాదు. విందుకు ఎంతమందిని పిలవాలి అని ఆలోచించేవారు, ఆ ఆలోచనకు పూర్వమే బిడ్డ మేనమామల సంగతి ఒక్కమాట అడిగి తెలిసికొంటే, ఆ ఇంట ఒడుగు నిజంగా వేడుకే అవుతుంది.